అమ్మమ్మ జీవితకథ వీడియో తీయాలనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి

కొత్తచిగురు:

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా మనసులో ఉన్న పని ఇది, ఈసారి ఎలాగైనా చేసేయాలని గట్టిగా అనుకున్నా. మా అమ్మమ్మకి 83 ఏళ్లు. మనిషి బానే ఉంది, తన పనులు తనే చేసుకుంటుంది, పాత విషయాలన్నీ గుర్తున్నాయి, కాకపోతే చెవులు కొంచెం మందగించాయి, ఎక్కువసేపు ఒకేచోట కూర్చుంటే నడుం పట్టేస్తోంది అంటుంది. తన జీవితం మొత్తం తన నోటితోనే, తన మొహం కనిపించేలా రికార్డు చేసి దాచుకోవాలని నా కోరిక. తాతయ్య పోయినప్పుడు ఆయన గొంతు ఎక్కడైనా ఉందేమోనని ఇంట్లో అందరి ఫోన్లూ వెతికాం, ఎవరిదో ఫంక్షన్ వీడియోలో వెనకనుంచి వినిపించే రెండు మాటలు తప్ప ఏమీ దొరకలేదు. అమ్మమ్మ విషయంలో అలా జరక్కూడదు.

ఇబ్బంది ఏంటంటే, మామూలుగా అయితే కబుర్లు మొదలుపెడితే ఆపని మనిషి, ఎదురుగా ఫోన్ పెట్టేసరికి బిగుసుకుపోతుంది. "నా బతుకులో ఏముందే చెప్పుకోడానికి, పుట్టాం, పెరిగాం, పిల్లల్ని కన్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. నెట్‌లో వంద ప్రశ్నల లిస్టులు దొరికాయి కానీ చదువుతుంటే ఉద్యోగం ఇంటర్వ్యూలాగా ఉన్నాయి, అవి అడగాలంటే నాకే మనసొప్పట్లేదు.

నా దగ్గర ఉన్నది మామూలు ఫోను, ఒక చిన్న స్టాండు, అంతే. కెమెరా కొనాలా? మైకు అవసరమా? ఎంతసేపు తీయాలి? మా పిన్ని, మావయ్య వాళ్ల పిల్లలు కూడా వచ్చి కూర్చుంటామంటున్నారు, అందరూ ఉంటే మంచిదా కాదా? ఇలాంటివి చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

పాత ఆల్బమ్:

కొత్తచిగురు గారూ, ముందు ఆ వంద ప్రశ్నల లిస్టు పక్కన పడేయండి. "మీ బాల్యం గురించి చెప్పండి", "మీ జీవితంలో మర్చిపోలేని సంఘటన ఏది" అని అడిగితే ఎవరికైనా బుర్ర ఖాళీ అయిపోతుంది, మనల్ని అడిగినా అంతే కదా. ప్రశ్న ఎంత పెద్దదైతే జవాబు అంత చిన్నదైపోతుంది, మా ఇంట్లో పెద్దవాళ్లు చాలామందితో కూర్చున్నాక నాకు బాగా అర్థమైన సంగతి ఇది. "నీ చిన్నప్పటి ఇల్లు ఎలా ఉండేది" అనకుండా "వీధి తలుపు తీసుకుని లోపలికొస్తే ముందు ఏం కనిపించేది? కుడిపక్క ఏముండేది? నువ్వెక్కడ పడుకునేదానివి, నీ పక్కన ఎవరు పడుకునేవాళ్లు?" అని ఒక్కో అడుగు వేయించండి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తుంటే ఆ గదుల్లో మనుషులు వాళ్లంతట వాళ్లే వచ్చేస్తారు, ఎవరు ఎవరితో మాట్లాడేవాళ్లు కాదో కూడా తెలిసిపోతుంది, మీరు అడగాల్సిన పనే ఉండదు.

"నా బతుకులో ఏముంది" అన్నారంటే చెప్పడం ఇష్టం లేదని కాదండీ. జీవితకథ అనేసరికి అదేదో గొప్పవాళ్లకి సంబంధించిన వ్యవహారం అనుకుంటారు. అందుకని ఆ మాటే ఎత్తొద్దు. పాత ఫోటోలు నాలుగు తీసుకెళ్లి "ఇందులో ఉన్నవాళ్లు ఎవరో నాకు తెలియట్లేదు అమ్మమ్మా, కాస్త చెప్పవా" అని సాయం అడగండి. నిజంగా మీకు తెలియని ఫోటోలే తీసుకెళ్లండి, ఊరికే తెలియనట్టు నటిస్తే వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఫోటోకి రెండో వైపు ఏమైనా రాసుందేమో అది కూడా కెమెరాకి చూపించండి.

ఇంకో సంగతి, ఏ వయసు గురించి అడగాలి అని. నలభై యాభై దాటినవాళ్లని జ్ఞాపకాలు చెప్పమంటే ఎక్కువగా 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే చెప్తారని జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసేవాళ్లు ఎప్పుడో గమనించారు. మొదటిసారి చూసినవి, మొదటిసారి చేసినవి, ఇల్లు మారడం, కొత్త మనుషులు రావడం అన్నీ ఆ వయసులోనే కదా ఉండేది. కాబట్టి పుట్టిన దగ్గర్నుంచి వరసగా లాక్కురావాలని పట్టుపట్టకండి, ఆ పదీ ముప్పై మధ్యలో ఎక్కడో ఒకచోట మొదలుపెడితే మాట వాళ్లంతట వాళ్లకే ముందుకీ వెనక్కీ పోతుంది. వరస తర్వాత మనం పెట్టుకోవచ్చు.

సంవత్సరాలు అస్సలు అడగొద్దు. "అది ఏ సంవత్సరం?" అన్నారనుకోండి, ఆవిడ చెప్తున్నది ఆపేసి లెక్కలు వేసుకోవడం మొదలుపెడుతుంది, ఆ ధార పోయినట్టే. "అప్పటికి మీ తమ్ముడు పుట్టాడా?", "అప్పటికి మీరు ఈ ఇంటికి వచ్చేశారా?" అని అడగండి, వాళ్ల లెక్క అలాగే ఉంటుంది, దాన్నిబట్టి సంవత్సరం తర్వాత మనమే కట్టుకోవచ్చు. ఒకవేళ తప్పు చెప్తున్నారని మీకు తెలిసినా అక్కడ సరిచేయొద్దు, పక్కన కాగితం మీద రాసుకోండి చాలు.

అన్నిటికంటే కష్టమైంది ఊరుకోవడం. ఆవిడ ఒక మాట చెప్పి ఆగగానే మనకి కంగారు, వెంటనే ఇంకో ప్రశ్న వేసేస్తాం. వేయకండి. మొహం వంకే చూస్తూ మనసులో పది లెక్కపెట్టుకోండి. మొదట చెప్పింది అందరికీ చెప్పి చెప్పి అలవాటైన కథ, ఆ మౌనం తర్వాత వచ్చేది ఎవరికీ చెప్పనిది. అక్కడ మీరు అడగాల్సిందల్లా "ఊఁ, తర్వాత?" అంతే.

అందరూ వస్తామంటున్నారు కదా, వద్దని నా అభిప్రాయం. పిన్ని ఉంటే పిన్ని గురించి చెప్పరు, మావయ్య ఉంటే "అలా కాదమ్మా, అప్పుడు జరిగింది వేరే" అని మధ్యలో అందుకుంటాడు, ఇక ఆవిడ ప్రతి మాటకీ ఆయన వైపు చూడటమే. అమెరికాలో స్టోరీకోర్ అని ఒక సంస్థ ఉంది, 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో ఒక చిన్న గది పెట్టి మొదలుపెట్టారు. వాళ్ల పద్ధతి ఏంటంటే ఒకరికొకరు బాగా తెలిసిన ఇద్దరే లోపల కూర్చుని 40 నిమిషాలు మాట్లాడుకుంటారు. అడిగేది విలేకరి కాదు, కూతురో మనవడో స్నేహితుడో. అలా మామూలు మనుషులు మాట్లాడుకున్నవే ఇప్పుడు అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాచి ఉంచుతున్నారు. ఇద్దరు, నలభై నిమిషాలు, మీరు కూడా ఈ కొలతే పెట్టుకోండి. నడుం నొప్పి ఉన్న మనిషికి అదే ఎక్కువ. అలసట లేని పూట చూసుకోండి, ఆవిడ ఇంకా చెప్పాలని ఉన్నప్పుడే ఆపేయండి, మళ్లీ కూర్చోడానికి ఆవిడే ఎదురుచూస్తుంది.

శబ్దతరంగం:

ప్రశ్నల సంగతి పైన చాలా బాగా చెప్పారు. నేను ఫోన్, మైక్ గురించి చెప్తా, రికార్డింగ్ పనిలో ఉన్నా కాబట్టి.

కెమెరా కొనక్కర్లేదండి. ఇప్పుడొచ్చే ఏ ఫోన్ అయినా బొమ్మ విషయంలో సరిపోతుంది. డబ్బు పెట్టాలనుకుంటే మైకు మీద పెట్టండి. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట అర్థం కాకపోతే ఎంత దగ్గరవాళ్లయినా ఐదు నిమిషాలకి ఆపేస్తారు. పైగా వయసైన వాళ్ల గొంతు సన్నగా ఉంటుంది, వాక్యం చివరికొచ్చేసరికి మాట మింగేస్తారు, ఆ చివరి మాటే ఒక్కోసారి అసలు విషయం. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) తగ్గుతుంది, ఫ్యాను శబ్దం, గది గోలా మాత్రం అంతే ఉంటాయి. అందుకే ఆరడుగుల దూరంలో స్టాండు మీదున్న ఫోన్లో మాట బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

బట్టలకి తగిలించే కాలర్ మైకు చాలు, గడ్డానికి జానెడు కింద పెట్టండి. మెడలో గొలుసు, శాలువా లాంటివి దానికి రాసుకోకుండా చూసుకోండి, ఆ గరగర తర్వాత తీసేయలేం. మైకు కొనలేకపోతే ఇంకో ఫోన్ తీసుకోండి, అందులో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఆవిడ ముందున్న బల్ల మీద, కింద మెత్తటి గుడ్డ వేసి పెట్టండి. రెండు ఫోన్లూ రికార్డు అవుతున్నప్పుడు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత ఎడిటింగ్‌లో ఆ చప్పట్ల దగ్గర రెండిటినీ కలిపేయొచ్చు. ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుంది, నేనైతే మైకు ఉన్నా సరే ఈ రెండో ఫోన్ తప్పకుండా పెడతా.

గదిలో ఏం శబ్దాలు ఉన్నాయో ముందే కళ్లు మూసుకుని ఒక నిమిషం వినండి. ఫ్రిజ్, ఫ్యాన్, గోడ గడియారం టిక్ టిక్, పక్కగదిలో టీవీ. మామూలప్పుడు మన చెవి వీటిని పట్టించుకోదు, మైకు మాత్రం అన్నిటినీ పట్టేస్తుంది. పెద్ద హాలు కంటే పరుపు, పరదాలు, బట్టల బీరువా ఉన్న చిన్న పడగ్గది చాలా మేలు, మాట గోడలకి కొట్టుకుని తిరిగి రాదు. ఫ్యాన్ ఆపితే ఉక్కపోత అనుకుంటే ఇరవై నిమిషాలకోసారి విరామం ఇచ్చి వేసుకోండి. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మర్చిపోవద్దు, రికార్డింగ్ మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో వీడియో అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఇక బొమ్మ. కిటికీ ఆవిడ వెనకాల ఉండకూడదు, మొహం నల్లగా పడుతుంది. కిటికీ పక్కకి వచ్చేలా కుర్చీ తిప్పండి, ఎండ నేరుగా పడకుండా పల్చటి పరదా ఉంటే ఇంకా మంచిది. ఫోన్ అడ్డంగా పెట్టి, వెనక కెమెరాతో, లెన్సు శుభ్రంగా తుడిచి, ఆవిడ కళ్ల ఎత్తుకి సమానంగా పెట్టండి. మీరు ఫోన్‌కి ఆనుకుని పక్కనే, అదే ఎత్తులో కూర్చోండి. ఆవిడ మీతో మాట్లాడుతుంది, కెమెరాతో కాదు. రెండు నిమిషాలు పోయాక ఫోన్ ఉన్న సంగతే మర్చిపోతుంది, ముఖ్యంగా స్క్రీన్ ఆవిడకి కనిపించకుండా ఉంటే. మొహం ఒక్కటే కాకుండా చేతులు కూడా వచ్చేలా నడుం దాకా పట్టండి, కొందరు సగం మాట చేతులతోనే చెప్తారు. ట్యూబ్‌లైట్ల కింద తీస్తే బొమ్మలో చారలు కదులుతున్నట్టు కనిపించొచ్చు, కరెంటు 50 హెర్ట్జ్ ఉండే మనలాంటి దేశాల్లో కెమెరా సెట్టింగ్‌లో సెకనుకి 25 ఫ్రేములు పెడితే చాలావరకు పోతుంది.

వీడియో నాణ్యత సెట్టింగ్‌లో అన్నిటికంటే పెద్దదైన 4కే అక్కర్లేదు, దానికంటే తక్కువైన 1080పి చాలు. అందులో నిమిషానికి ఫోన్‌ని బట్టి 60 నుంచి 130 ఎంబీ దాకా పడుతుంది, అంటే గంటకి 4 నుంచి 8 జీబీ. ఆ ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి, చార్జర్ పెట్టే ఉంచండి.

చివరగా ఒకటి, ఆవిడ మాట్లాడుతున్నప్పుడు "అవునా", "అయ్యో", "ఊఁ ఊఁ" అని ప్రతిదానికీ అనకండి, తల ఊపండి చాలు. మీ గొంతు ఆవిడ గొంతు మీద పడితే తర్వాత విడదీయలేం. కానీ మీ ప్రశ్నలు మాత్రం స్పష్టంగా రికార్డు కావాలి, ముప్పై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకి మీ ఇద్దరి మాటా కావాలి.

వాన చినుకు:

ఇంత హడావుడి ఎందుకండీ, ఫోన్ ఎక్కడో పుస్తకాల మధ్య కనపడకుండా పెట్టేసి మామూలుగా కబుర్లు చెప్పించండి. తెలియకుండా తీస్తేనే సహజంగా వస్తుంది. కెమెరా ఉందని తెలిస్తే ఎవరైనా సర్దుకుని మాట్లాడతారు.

పాత ఆల్బమ్:

వాన చినుకు గారూ, మీరు మంచి ఉద్దేశంతోనే అన్నారు కానీ ఇది మాత్రం నేను ఒప్పుకోను. అది ఆవిడ జీవితం, ఎవరు వినాలో ఎవరు వినకూడదో ఆవిడే తేల్చుకోవాలి. మనవరాలితో చెప్పుకున్న మాట వేరు, పదిమంది చుట్టాలూ రేపు చూసే మాట వేరు. ఒకరోజు ఆ వీడియో ఆవిడ కంట పడితే, "నాకు తెలియకుండా తీశావా" అనే ఆ ఒక్క మాటతో ఇంకెప్పుడూ మనసు విప్పదు. సర్దుకుని మాట్లాడుతుందంటారా, మాట్లాడనివ్వండి, మంచి చీర కట్టుకుని జుట్టు దువ్వుకుని వస్తే రానివ్వండి. తన వాళ్ల కళ్లకి తను ఎలా కనిపించాలో ఎంచుకునే హక్కు ఆవిడకి ఉంది కదా. బిగుసుకుపోవడం మొదటి పది నిమిషాలే, అది ఎలాగూ పోతుంది.

రికార్డింగ్ మొదట్లోనే "అమ్మమ్మా, ఇది రికార్డు చేస్తున్నా, ఇంట్లోవాళ్లం చూసుకోడానికి, నీకిష్టమేనా" అని అడిగి ఆవిడ సరే అనడం కూడా వీడియోలో ఉంచండి. వద్దన్నప్పుడు ఆపేస్తానని కూడా చెప్పండి, అన్నట్టే ఆపండి.

కొత్తచిగురు:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్ అండి. దాచి తీయడం నాకూ ఇష్టం లేదు, చెప్పే తీస్తా.

ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. ఒకటి, చెవులు సరిగ్గా వినపడవు అన్నా కదా, నేను గట్టిగా అరిచి అడిగితే ఆ మూడ్ అంతా పోతుందేమో. రెండోది కొంచెం బరువైన విషయం. మా అమ్మకి పైన ఒక బిడ్డ పుట్టి చిన్నప్పుడే పోయాడట, అమ్మమ్మ ఎప్పుడూ దాని గురించి మాట్లాడదు, అమ్మకి కూడా సరిగ్గా తెలియదు. అడగొచ్చా? అడిగితే ఏడుస్తుందేమో, ఈ వయసులో ఆవిడని ఏడిపించడం న్యాయమా అని ఒక పక్క, అడక్కపోతే ఆ బాబు పేరు కూడా ఎవరికీ తెలియకుండా పోతుందని ఇంకో పక్క.

నైట్‌డ్యూటీ:

పెద్దవాళ్ల సంరక్షణలో నర్సుగా పనిచేస్తున్నాను, నాకు తెలిసింది చెప్తాను.

చెవుల విషయం ముందు. వయసుతో వచ్చే చెవుడులో సన్నటి శబ్దాలు ముందు పోతాయి, అంటే స, శ, ఫ లాంటివి వినపడవు, అందుకే "వినిపిస్తోంది కానీ అర్థం కావట్లేదు" అంటారు. అరిస్తే అర్థం కాదు, ఇంకా గందరగోళం అవుతుంది. గొంతు కొంచెం తగ్గు స్థాయిలో పెట్టి, నిదానంగా, ఆవిడకి ఎదురుగా మీ పెదాలు కనిపించేలా మాట్లాడండి. కాబట్టి వెలుతురు ఆవిడ మొహం మీదే కాదు, మీ మొహం మీద కూడా పడాలి. ఫ్యాన్ ఆపడం మైకుకే కాదు ఆవిడకీ సాయం. ఒక చెవి బాగా వినిపిస్తుంటే ఆ వైపే కూర్చోండి. చదవగలిగితే ప్రశ్నలు పెద్ద అక్షరాలతో అట్టముక్కల మీద రాసి చూపించండి, ఆవిడే ఒకటి ఎంచుకుని చెప్పడం మొదలుపెట్టొచ్చు, అదో సరదా కూడా.

ఇక ఏడుపు. పాత విషయాలు తవ్వుకోవడం మతిమరుపు లక్షణం అనో, ముసలితనపు చాదస్తం అనో అనుకునే రోజుల్లో, 1963లో రాబర్ట్ బట్లర్ అనే మానసిక వైద్యుడు అలా కాదని రాశారు. జీవితం చివరికొచ్చేకొద్దీ వెనక్కి తిరిగి చూసుకోవడం, తేలకుండా మిగిలిపోయినవాటిని మళ్లీ తీసి చూసుకోవడం మనిషికి సహజం అన్నారు. ఆ తర్వాత కెనడాలో హార్వే చోచినోవ్ అనే డాక్టరు, ఎక్కువ కాలం బతకరని తెలిసిన రోగులతో ఇలాగే మాట్లాడించి, రికార్డు చేసి, దాన్ని కాగితం మీద పెట్టి కుటుంబానికి ఇచ్చే పద్ధతి తయారుచేశారు. నా పనిలో నేను చూసేది కూడా అదే, చెప్పుకుని ఏడ్చినవాళ్లకి ఆ రాత్రి నిద్ర పడుతుంది. అందరికీ అలాగే అని కాదు, కొందరికి ఆ తలుపు మూసి ఉండటమే కావాలి, దాన్ని కూడా గౌరవించాలి.

అందుకని మీరు నేరుగా "ఆ బాబు ఏమయ్యాడు" అని అడగకండి. మొదటిసారి కూర్చున్నప్పుడైతే అసలే వద్దు. అమ్మ పుట్టుక గురించి మాట వచ్చినప్పుడు "అంతకుముందు నీకు ఇంకో బాబు పుట్టాడని విన్నాను అమ్మమ్మా, నీకు చెప్పాలనిపిస్తే వినాలని ఉంది" అని ఆగిపోండి. చెప్తే వినండి. మాట మార్చేస్తే మీరూ మార్చేయండి, మళ్లీ ఎత్తొద్దు. ఇంకో రోజు తనే చెప్పొచ్చు. కన్నీళ్లు వస్తే కంగారుపడి "ఏడవకు, వదిలేయ్" అనొద్దు, వినడం మీకే కష్టంగా ఉంది అన్నట్టు ఆవిడకి వినిపిస్తుంది. చెయ్యి పట్టుకుని కూర్చోండి, కాసేపయ్యాక "ఆపేద్దామా, చెప్తావా" అని అడగండి. అంత బరువైన మాట తర్వాత వెంటనే ఫోన్ మూసేసి లేచిపోవద్దు, తేలికపాటి సంగతి ఏదైనా మాట్లాడి, ఆవిడ మామూలైనాక ముగించండి, ఆ సాయంత్రం తోడుగా ఉండండి.

ఈ థ్రెడ్ చదివేవాళ్లలో ఎవరింట్లో అయినా మతిమరుపు జబ్బు మొదలైన పెద్దవాళ్లు ఉంటే వాళ్ల కోసం ఒక మాట: "గుర్తుందా?" అనే మాట వాడకండి. అది పరీక్షలా ఉంటుంది, గుర్తు రాకపోతే సిగ్గుపడి ముడుచుకుపోతారు. వాళ్లు వాడిన వస్తువు చేతికివ్వండి, వయసులో ఉన్నప్పుడు విన్న పాట పెట్టండి, పదిహేను నిమిషాలు చాలు. ఏది చెప్తే అది వినండి. కాస్త మంచిగా ఉన్న రోజు చూసి ఇప్పుడే మొదలుపెట్టండి, ఈ ఒక్క విషయంలో వాయిదా వద్దు.

దస్త్రాల గది:

తీయడం గురించి అందరూ చెప్పారు, దాచడం గురించి ఎవరూ చెప్పలేదు, నాకు బాధ కలిగించేది అదే. ఎంతో కష్టపడి తీసిన వీడియోలు ఫోన్ పోతేనో నీళ్లలో పడితేనో అక్కడితో సరి.

తీసిన రోజే ఫోన్లోంచి బయటికి కాపీ చేయండి. మొత్తం మూడు కాపీలు ఉండాలి, కనీసం రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. అంటే కంప్యూటర్లో ఒకటి, బయట పెట్టుకునే హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో వేరే ఊళ్లో ఉండే చుట్టాల దగ్గరో ఒకటి. పెన్‌డ్రైవ్‌లో పెట్టి సొరుగులో వేసి మర్చిపోకండి, వాడకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే అందులో డేటా పోవచ్చు. హార్డ్‌డిస్క్ కూడా ఏడాదికోసారి తీసి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

ఫ్యామిలీ గ్రూపులో వాట్సాప్‌లో పెట్టేశాం, అందరి దగ్గరా ఉంది అనుకుంటారు చాలామంది. మామూలుగా వీడియోలా పంపితే అది కుదించేస్తుంది, బొమ్మా శబ్దం రెండూ తగ్గిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది, కానీ ఎలా పంపినా దాన్ని అసలు కాపీ కింద లెక్కవేయొద్దు. ఎడిట్ చేసిన వీడియో వేరే, అసలు ఫైలు వేరే. ఎడిట్ చేసింది బాగా వచ్చింది కదా అని అసలుది చెరిపేయొద్దు. ఇవాళ మనకి అనవసరం అనిపించిన దగ్గు, నవ్వు, మధ్యలో "ఆ పిల్లాడికి అన్నం పెట్టారా" అన్న మాట, ఇవన్నీ తర్వాత తరానికి కావాలి.

ఫైలు పేరులో తేదీ సంవత్సరంతో మొదలుపెట్టండి, ఆ తర్వాత నెల, రోజు, ఆపైన పేరు. అలా పెడితే కంప్యూటర్లో వాటంతట అవే వరసలో ఉంటాయి. పక్కనే చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి అందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు అడుగుతున్నారు, ఎప్పుడు, ఎక్కడ, మాటల్లో వచ్చిన మనుషులు ఆవిడకి ఏమవుతారు అన్నీ రాయండి. "చిన్నాన్న" అంటే ఎవరి చిన్నాన్నో యాభై ఏళ్ల తర్వాత ఎవరు చెప్తారు?

మొత్తం మాటలన్నీ టైపు చేయడం పెద్ద పని, గంట రికార్డింగ్‌కి నాలుగైదు గంటలు తక్కువ పట్టదు. ఆటోమేటిక్‌గా రాసిచ్చే యాప్‌లు ఉన్నాయి కానీ పెద్దవాళ్ల యాస, ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు దగ్గర బాగా తడబడతాయి, ఒకసారి మనిషి చూసి దిద్దాల్సిందే. అంత ఓపిక లేకపోతే నిమిషాల పట్టీ అయినా రాయండి, 4:10 దగ్గర బడి మానేయడం, 12:40 దగ్గర తమ్ముడి జబ్బు, 31:00 దగ్గర కొత్త ఇల్లు, ఇలా. ఆ ఒక్క పేజీ లేకపోతే గంటల వీడియోలో ఏది ఎక్కడుందో వెతకలేక ఎవరూ తెరవరు.

ఇంకోటి గుర్తొచ్చింది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1994లో మొదలుపెట్టిన షోవా ఫౌండేషన్ వాళ్లు, నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడ్డవాళ్లని 50 వేల మందికి పైగా వీడియో తీశారు. వాళ్ల వీడియోల్లో మాటలన్నీ అయ్యాక చివర్లో పాత ఫోటోలు ఒక్కోటి కెమెరాకి చూపించి ఎవరెవరో చెప్పిస్తారు, ఇంట్లోవాళ్లని కూడా పిలిచి పక్కన కూర్చోబెడతారు. మీ పిన్ని, మావయ్య పిల్లలు వస్తామంటున్నారుగా, వాళ్లని అప్పుడు పిలవండి, ఎవరికీ బాధ ఉండదు.

కొత్తచిగురు:

మొదటిసారి కూర్చున్నాం అండి! కిటికీ పక్కన పడగ్గదిలో, ఇద్దరమే. ఫోటో అడ్డం పెట్టుకుని మొదలుపెట్టా, అందులో ఒక మూల నిలబడ్డ పిల్ల ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు, అమ్మమ్మని అడిగితే తనతో బడికి వచ్చిన స్నేహితురాలట, ఆ అమ్మాయి గురించే అరగంట చెప్పింది. తను బడి ఎందుకు మానేయాల్సొచ్చిందో కూడా చెప్పింది, అమ్మ కూడా ఎప్పుడూ వినలేదట. బాబు సంగతి ఇంకా ఎత్తలేదు, తొందరేం లేదు.

ఇప్పుడు కొత్త చిక్కు. మాటల్లో దగ్గర బంధువు ఒకరి గురించి, డబ్బు విషయంలో తనని ఎలా మోసం చేశారో చెప్పేసింది, ఆయన ఇంకా ఉన్నారు, ఆయన పిల్లలూ మేమూ బాగానే ఉంటాం. చెప్పేశాక "ఇది వాళ్లెవరికీ చూపించకే" అంది. ఆ ముక్క చెరిపేయాలా?

దస్త్రాల గది:

చెరపొద్దు, అలా అని గ్రూపులోనూ పెట్టొద్దు. ముందు ఆవిడనే అడగండి, "ఎప్పటికీ ఎవరికీ వద్దా, లేక ఆయన ఉన్నన్నాళ్లూ వద్దా, మా అమ్మ వరకు చూడొచ్చా" అని. రికార్డింగ్‌లోనే అడిగితే ఆవిడ మాట ఆవిడ గొంతులోనే ఉంటుంది, రేపు మీ మీద ఎవరూ అనుమానపడరు. ఎప్పటికీ వద్దు, తీసేయమంటే అప్పుడు తీసేయండి, అన్ని కాపీల్లోంచీ. అలా కాకపోతే అసలు ఫైలుకి తాళం పెట్టి వేరే ఫోల్డర్లో ఉంచండి, అందరికీ ఇచ్చే కాపీలో ఆ నిమిషాలు కత్తిరించండి. పక్కన పెట్టిన టెక్స్ట్ ఫైలులో "ఈ భాగం ఎవరు, ఎప్పటి తర్వాత చూడొచ్చు" అని ఆవిడ చెప్పినట్టే రాయండి, తాళం మాట, అంటే పాస్‌వర్డ్, మీతో పాటు ఇంకొకరికి, మీ అమ్మగారికైతే మంచిది, తెలిసి ఉండాలి. పెద్ద పెద్ద భాండాగారాల్లో కూడా ఫలానా ఏడాది దాకా తెరవకూడదని షరతు పెట్టి ఇచ్చినవి ఉంటాయి, కొత్తేం కాదు.

రెండోసారి కూర్చునే ముందు ఆ స్నేహితురాలి పేరు, ఊరు రాసి పెట్టుకోండి, ఆవిడ ఇంకా ఉన్నారేమో కనుక్కునే వీలుంటుంది.